పిల్లల కాలేజీ ఫీజు: ఎంత అన్నది సరే, ఏ నెలలో కావాలి?

పిల్లల చదువు కోసం ఎంతో కొంత దాచని ఇల్లు మన దగ్గర తక్కువ. ఒక ఎల్ఐసీ పాలసీ ఉంటుంది, నెలనెలా చీటీ నడుస్తుంటుంది, ఊరి బయట రెండొందల గజాల ప్లాటు ఉంటుంది, బీరువాలో కాస్త బంగారం ఉంటుంది. అయినా సీటు అలాట్‌మెంట్ వచ్చిన రోజు నుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. పాలసీ డబ్బు రావడానికి ఇంకా మూడేళ్లుంది. చీటీ ఎత్తుదామంటే ఈ నెల పాట అయిపోయింది. ప్లాటు అమ్మకానికి పెడితే అడిగేవాడు లేడు. చివరికి తెలిసినవాళ్ల దగ్గర నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చి కడతారు. వీళ్లకి ఆస్తి లేక కాదు, ఆ వారంలో చేతిలో రొక్కం లేదు, అంతే.

అందుకే మొదట వేయాల్సింది తేదీల లెక్క. ఎంత దాచాలి, ఎక్కడ దాచాలి అన్నవి ఆ తేదీలను బట్టి తేలతాయి.

ముందు ఒక కాగితం మీద ఏళ్లు రాయండి

మీ పాప ఈ జూన్‌లో మూడో తరగతిలో చేరిందనుకుందాం. పదో తరగతి అయ్యేసరికి ఎనిమిదేళ్లు, ఇంటర్ అయ్యేసరికి పదేళ్లు. అంటే సరిగ్గా పదేళ్ల తర్వాత బీటెక్ మొదటి ఏడాది ఫీజు, పదకొండో ఏట రెండోది, అలా పదమూడో ఏట నాలుగోది. ఈ నాలుగు ఏళ్లనూ అసలు ఏళ్లతో, నెలతో సహా రాయండి. ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ మామూలుగా జూన్ చివర మొదలై ఆగస్టు దాకా నడుస్తుంది కాబట్టి, ఆ ఏడాది మే నెలాఖరుకి డబ్బు బ్యాంకులో సిద్ధంగా ఉండాలని రాసుకోండి.

ఇద్దరు పిల్లలుంటే ఇద్దరివీ ఒకే కాగితం మీద రాయాలి. మధ్యలో రెండేళ్లే తేడా ఉంటే, రెండేళ్ల పాటు ఇద్దరి ఫీజులూ ఒకే ఆగస్టులో మీద పడతాయి. ఆ రెండేళ్ల చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీయండి. మీ ప్లాన్ తప్పితే తప్పేది అక్కడే.

ఖర్చు ఎంతో అంచనా వేయండి

డాక్టరా, ఇంజినీరా అని మూడో తరగతి పిల్లని అడిగితే ఏం చెబుతుంది? మధ్యరకం లెక్క ఒకటి పెట్టుకోండి. కన్వీనర్ కోటాలో (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ర్యాంకును బట్టి ఇచ్చే సీట్లలో) ఓ మోస్తరు ప్రైవేట్ కాలేజీ, ఫీజు ఏడాదికి లక్ష, హాస్టల్, మెస్, తక్కిన ఖర్చులకు ఇంకో లక్ష. ఇప్పటి ధరల్లో ఏడాదికి 2 లక్షలు, నాలుగేళ్లకు 8 లక్షలు. ఖర్చు ఏటా 6 శాతం పెరుగుతుందనుకుంటే, పదేళ్ల తర్వాత మొదటి ఏడాదికే 3 లక్షల 58 వేలు అవుతుంది. నాలుగేళ్లూ కలిపితే దాదాపు 15 లక్షల 70 వేలు. 8 శాతం చొప్పున పెరిగితే 19 లక్షలు దాటుతుంది.

వేరే దారుల లెక్కలు వేరు. ఐఐటీలో ట్యూషన్ ఫీజు 2016 నుంచి ఏడాదికి 2 లక్షలు. అయితే కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉంటే మొత్తం, లక్ష నుంచి 5 లక్షల లోపు ఉంటే మూడింట రెండొంతులు మాఫీ. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజే లేదు. ఎన్ఐటీల్లో ఫీజు లక్షా పాతిక వేలు, మాఫీ పద్ధతి ఇంచుమించు అదే. ఎంబీబీఎస్ అయితే నేలకీ నింగికీ ఉన్నంత తేడా. తెలంగాణ ప్రైవేట్ కాలేజీల్లో కన్వీనర్ కోటా సీటు ఏడాదికి 60 వేలైతే, అదే కాలేజీలో బీ కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) సీటు పదకొండున్నర లక్షల పైమాటే. బీ కేటగిరీకి కూడా సరిపోయేలా ప్లాన్ చేద్దామని కూర్చుంటే మధ్యతరగతి ఇంట్లో అసలు ప్లానే మొదలవదు. దాన్ని పక్కన పెట్టండి.

ఫీజు అనగానే కౌన్సెలింగ్ వెబ్‌సైట్‌లో కనిపించే అంకె ఒక్కటే చూడకండి. కాలేజీకి వెళ్తే చేతికిచ్చే కాగితంలో ట్యూషన్ ఫీజు కింద ఇంకా చాలా వరసలుంటాయి: యూనివర్సిటీ ఫీజు, స్పెషల్ ఫీజు, ఎన్‌బీఏ ఫీజు, కాషన్ డిపాజిట్, బస్సు ఫీజు, క్యాంపస్ ట్రైనింగ్ ఫీజు. లాప్‌టాప్ ఆ కాగితంలో ఉండదు, కానీ కొనక తప్పదు. ఇప్పుడే ఆ కాలేజీలో చదువుతున్న పిల్లలున్న బంధువులెవరైనా ఉంటే, మొదటి ఏడాది రసీదులన్నీ ఒకసారి చూపించమని అడగండి. బ్రోషర్ కంటే ఆ రసీదుల్లోనే నిజం ఎక్కువ.

ఇంటర్ దగ్గర డబ్బు పోకుండా చూసుకోండి

కాలేజీ కోసం దాచింది చాలా ఇళ్లలో ఇంటర్‌లోనే కరిగిపోతుంది. పదో తరగతి జనవరిలోనే కార్పొరేట్ కాలేజీల పీఆర్వోలు ఇంటి గుమ్మం ఎక్కుతారు. "ఇప్పుడు కడితే కన్సెషన్ సార్, రిజల్ట్స్ వచ్చాక మా చేతుల్లో ఉండదు" అంటారు. హాస్టల్‌తో కలిపి ఏడాదికి లక్షన్నర, రెండు లక్షలు ఇప్పుడు మామూలైపోయింది. రెండేళ్లకి మూడు నాలుగు లక్షలు. ర్యాంకు వస్తే ఆ డబ్బు తిరిగొచ్చినట్టే అని మనకి మనమే నచ్చజెప్పుకుంటాం. కొందరికి వస్తుంది కూడా. కానీ ఆ నాలుగు లక్షలూ ఖర్చయ్యాక ఈఏపీసెట్‌లో (పాత పేరు ఎంసెట్) యాభై వేల ర్యాంకు వస్తే బీటెక్‌కి మిగిలేది ఏముంది?

కాబట్టి ఇంటర్‌కి ఇంతకు మించి పెట్టం అని ఒక హద్దు ముందే గీసుకోండి. ఆ హద్దు కాలేజీ డబ్బు జోలికి వెళ్లకుండా, ఆ రెండేళ్ల నెల జీతంలోంచి కట్టగలిగేంత ఉంటే మంచిది. పీఆర్వో వచ్చిన రోజే అడ్వాన్స్ ఇవ్వకండి. వాళ్లు చెప్పిన ఆఖరు తేదీ తర్వాత ఇంకో ఆఖరు తేదీ ఎప్పుడూ ఉంటుంది.

ఇంటర్ ఖర్చే లేని దారులూ ఉన్నాయి. బాసర, నూజివీడు, ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీల్లో పదో తరగతి మార్కులతోనే ఆరేళ్ల కోర్సులో చేరొచ్చు. పాలిటెక్నిక్ ప్రవేశ పరీక్ష పాలీసెట్ రాసి డిప్లొమా చేసి, ఆ తర్వాత ఈసెట్ పరీక్షతో బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరే దారి కూడా గట్టిదే. మన ఇళ్లలో దాన్ని కాస్త చిన్నచూపు చూస్తారు గానీ, డబ్బు లెక్కలో చూస్తే ఒక ఏడాది ఇంజినీరింగ్ ఫీజు, రెండేళ్ల ఇంటర్ ఫీజు మిగిలినట్టే.

దాచడం: ఏ డబ్బు ఎప్పుడు చేతికొస్తుందో చూసి

మొత్తం 15 లక్షల 70 వేలూ పొదుపుతోనే తీరాలని పట్టుబట్టకండి. సగం పొదుపు, పావు వంతు ఆ నాలుగేళ్ల నెల ఆదాయం, పావు వంతు ఎడ్యుకేషన్ లోన్ అనుకుంటే చాలామందికి సాధ్యపడుతుంది. సగమంటే దాదాపు 7 లక్షల 80 వేలు. ఏడాదికి 7 శాతం రాబడి వస్తే, నెలకు 4,500 చొప్పున పదేళ్లలో ఆ డబ్బు పోగవుతుంది. అదే పాప ఎనిమిదో తరగతికి వచ్చాక, ఐదేళ్లే మిగిలుండగా మొదలుపెడితే నెలకు దాదాపు 10,900 కావాలి.

దాచడానికి ముందు, ఇంట్లో సంపాదించే మనిషి పేరిట టర్మ్ ఇన్సూరెన్స్ (మనిషి పోతేనే డబ్బిచ్చే బీమా) తీసుకోండి. చైల్డ్ పాలసీ తీసుకుంటే ఇన్సూరెన్స్, పొదుపు రెండూ అయిపోతాయని ఏజెంట్ చెబుతాడు. ఆ పాలసీ కాగితంలో రెండే చూడండి: మనిషి పోతే ఎంత ఇస్తారు, డబ్బు ఏ ఏడాదిలో ఇస్తారు. చాలా పాలసీల్లో మొదటి అంకె రెండు మూడేళ్ల ఇంటి ఖర్చుకి కూడా చాలదు.

ఆడపిల్లకి పదేళ్లు నిండకపోతే సుకన్య సమృద్ధి ఖాతా తెరవచ్చు. పోస్టాఫీసులో, బ్యాంకుల్లో తెరుస్తారు. ఏడాదికి కనీసం 250, గరిష్ఠంగా లక్షన్నర. 2024 జనవరి నుంచి వడ్డీ 8.2 శాతం. ప్రభుత్వం మూడు నెలలకోసారి వడ్డీ రేటు ప్రకటిస్తుంది, అది మారొచ్చు. వడ్డీకి పన్ను లేదు. పథకం మంచిదే, కానీ తేదీ సంగతి ఎవరూ చెప్పరు. కట్టాల్సింది పదిహేనేళ్లే అయినా ఖాతా గడువు తెరిచిన రోజు నుంచి ఇరవై ఒక్క ఏళ్లు. మూడో తరగతిలో, ఎనిమిదేళ్లకి తెరిస్తే, పెళ్లి కోసం మధ్యలోనే మూసే పరిస్థితి రాకపోతే మొత్తం డబ్బు చేతికొచ్చేది పాపకి ఇరవై తొమ్మిదేళ్లప్పుడు. చదువు కోసం మధ్యలో తీసుకోవచ్చు, పద్దెనిమిదేళ్లు నిండాక గానీ పదో తరగతి పాసయ్యాక గానీ. అది కూడా అంతకుముందు మార్చి నెలాఖరుకి ఖాతాలో ఉన్న దాంట్లో సగం వరకు, కాలేజీ ఇచ్చిన ఫీజు కాగితం చూపించి. కాబట్టి సుకన్యలో లక్ష కనిపిస్తే, కాలేజీ లెక్కలో 50 వేలే రాసుకోండి. పుట్టిన ఏడాదే తెరిచినవాళ్లకి ఈ ఇబ్బంది తక్కువ.

మగపిల్లలున్నవాళ్లు, ఇద్దరూ ఉన్నవాళ్లు పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్) చూడొచ్చు. 2020 ఏప్రిల్ నుంచి వడ్డీ 7.1 శాతం, గడువు పదిహేనేళ్లు, ఏడో ఏడాది నుంచి కొంత తీసుకోవచ్చు. పిల్లాడు ఎల్‌కేజీలో ఉండగా తెరిస్తే గడువు బీటెక్ రోజుల్లో తీరుతుంది.

ఎనిమిది, పదేళ్ల సమయం ఉన్నవాళ్లు కొంత భాగం మ్యూచువల్ ఫండ్ సిప్‌లో (నెలనెలా కొంత చొప్పున) పెట్టొచ్చు. పెట్టేముందే తీసే తేదీ కూడా రాసుకోండి. పాప ఇంటర్ మొదటి ఏడాదిలోకి రాగానే మొదటి రెండేళ్ల ఫీజుకి సరిపడా డబ్బు ఫండ్‌లోంచి తీసి ఎఫ్‌డీలోకి మార్చేయండి. మార్కెట్ బాగుంది, ఇంకో ఏడాది ఉంచుదాం అనిపిస్తుంది. ఉంచకండి. 2020 మార్చిలో మార్కెట్ పడినప్పుడు మళ్లీ లేవడానికి నెలలు పట్టింది. కాలేజీ ఫీజు గడువు మూడు నాలుగు రోజులు. ఇంకో మాట, పిల్లల పేరిట సిప్ పెడితే వాళ్లకి పద్దెనిమిదేళ్లు నిండగానే అది ఆగిపోతుంది. మైనర్ ఖాతాని మేజర్‌గా మార్పించేదాకా డబ్బు తీయడానికి కుదరదు. ఆ కాగితాల పని సరిగ్గా కౌన్సెలింగ్ రోజుల్లోనే పడుతుంది. అందుకే మీ పేరు మీదే పెట్టుకోవడం సుఖం.

చీటీ వేసేవాళ్లు రిజిస్టర్ అయిన చీటీయే వేయండి. ఫోర్‌మన్ (చీటీ నడిపేవాళ్ల) కమిషన్ గరిష్ఠంగా 7 శాతం అని చట్టంలో ఉంది, 2019 సవరణకు ముందు అది 5 శాతమే. జూన్, జులైలో ఫీజుల కోసం అందరూ ఎత్తాలనే చూస్తారు, పాట ఎక్కువకు పోతుంది, మీ చేతికి తక్కువ వస్తుంది. పైగా పాట మీదయ్యాక షూరిటీలు తేవాలి, సంతకాలు, జీతం కాగితాలు, వాటికో పది పదిహేను రోజులు. మార్చి, ఏప్రిల్‌లోనే ఎత్తి ఆ రెండు మూడు నెలలు బ్యాంకులో వేసుకుంటే నష్టం పెద్దగా ఉండదు.

ప్లాటు సంగతి ఒక్క మాటలో: అమ్మాలనుకుంటే పాప ఇంటర్‌లో ఉండగానే అమ్మకానికి పెట్టండి. తొందరలో ఉన్నవాడి ధర కొనేవాడికి ఇట్టే తెలిసిపోతుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్, స్కాలర్‌షిప్‌లు

ఫీజు రీయింబర్స్‌మెంట్ అంటే పిల్లల ఫీజు ప్రభుత్వం కట్టడం. దానికి తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఆదాయం ఏడాదికి 2 లక్షల లోపు ఉండాలి. బీసీ, ఈబీసీలకు (ఆర్థికంగా వెనుకబడిన వర్గాలకు) పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల లోపు. ఇంజినీరింగ్‌లో బీసీ, ఈబీసీ విద్యార్థికి పది వేల లోపు ర్యాంకు వస్తే మొత్తం ఫీజు ప్రభుత్వం కడుతుంది, దాటితే 35 వేల వరకే. కాలేజీ ఫీజు లక్షా ఇరవై వేలైతే మిగతా 85 వేలు మీవే. ఫ్రీ సీటు వచ్చిందని స్వీట్లు పంచేముందు ఈ తీసివేత చేసుకోండి. ఆంధ్రప్రదేశ్‌లో ఈ డబ్బు కొన్నేళ్లు తల్లుల ఖాతాల్లో పడేది, 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ నేరుగా కాలేజీలకే అన్నారు. రెండు రాష్ట్రాల్లోనూ ఇది కన్వీనర్ సీట్లకే, మేనేజ్‌మెంట్ కోటాకి వర్తించదు. నిబంధనలు ఏటా జీవోతో మారుతుంటాయి కాబట్టి చేరే ఏడాది జీవో చూసుకోవాలి.

రీయింబర్స్‌మెంట్ బకాయిలు ఏళ్ల తరబడి ఆగడం కొత్తేం కాదు. కోర్సు అయిపోయాక "ప్రభుత్వం ఇవ్వలేదు, మీరు కట్టి సర్టిఫికెట్లు తీసుకెళ్లండి" అని కాలేజీ అన్నప్పుడు చేతిలో డబ్బుండాలి. రీయింబర్స్‌మెంట్ వస్తుందన్న ధైర్యంతో పొదుపు మానేయకుండా, కనీసం ఒక ఏడాది ఫీజు విడిగా ఉంచుకోండి.

స్కాలర్‌షిప్‌ల కోసం వెతికే పని ఇంటర్ రెండో ఏడాదిలోనే పిల్లలకే అప్పగించండి, ఫోన్ వాళ్ల చేతుల్లోనే ఉంటుందిగా. ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్ టెక్నికల్ కోర్సుల్లో చేరిన ఆడపిల్లలకు ఏడాదికి 50 వేలు ఇస్తుంది. కుటుంబ ఆదాయం 8 లక్షలు దాటకూడదు, ఇంటికి ఇద్దరమ్మాయిల వరకు. ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చి ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉంటే కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ డిగ్రీలో ఏడాదికి 12 వేలు. రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ విద్యార్థులకు మొత్తం కోర్సుకి 2 లక్షల దాకా ఇస్తుంది, 15 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లు కూడా అప్లై చేయొచ్చు. మెస్ బిల్లుకి, పుస్తకాలకి ఇవి బాగా అక్కరకొస్తాయి.

ఎడ్యుకేషన్ లోన్: వడ్డీ ఎప్పుడు మొదలవుతుంది?

చదువు అయ్యాక ఒక ఏడాది దాకా కిస్తీ కట్టక్కర్లేదని బ్యాంకులో చెబుతారు. నిజమే. వడ్డీ మాత్రం మొదటి చెక్కు ఇచ్చిన రోజు నుంచే లెక్కలోకి వస్తుంది. ఏడున్నర లక్షల లోన్ నాలుగు సమాన భాగాలుగా, ఏటా 1,87,500 చొప్పున తీసుకున్నారనుకోండి, వడ్డీ 10 శాతం. ఏమీ కట్టకుండా ఉంటే ఐదేళ్లు తిరిగేసరికి సాధారణ వడ్డీయే 2,62,500 అవుతుంది. అది అసలుకి కలిసి 10 లక్షల పైచిలుకు మీద పదేళ్ల కిస్తీ నెలకు సుమారు 13,400. అదే వడ్డీని ఎప్పటిదప్పుడు కట్టేస్తే, మొదటి ఏడాది నెలకు 1,560 రూపాయలే, చివరికి కిస్తీ 9,900 దగ్గర ఆగుతుంది. ఇలా కట్టేవాళ్లకి చాలా బ్యాంకులు వడ్డీలో కొంత తగ్గింపు కూడా ఇస్తాయి, అడగాలి.

మామూలు పద్ధతిలో 4 లక్షల వరకు మార్జిన్ (మన చేతి నుంచి పెట్టాల్సిన వాటా) లేదు, తాకట్టు లేదు. ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు. చాలా బ్యాంకులు వ్యవసాయ భూమి తీసుకోవు, అనుమతి లేని లేఅవుట్ ప్లాటునీ తీసుకోవు. 2024 నవంబర్‌లో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన మంచి విద్యాసంస్థల్లో సీటొస్తే తాకట్టు, హామీదారు లేకుండానే లోన్ ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు లోన్ మీద చదువుకునే కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ. మీరు అనుకుంటున్న కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ఆప్షన్లు పెట్టేముందే చూడండి.

లోన్ పిల్లల పేరు మీదే అయినా మీరు సహ రుణగ్రహీత. పాత క్రెడిట్ కార్డు బాకీ, ఎవరికో పెట్టిన హామీ సంతకం మీ సిబిల్‌లో (అప్పుల చరిత్ర రిపోర్టులో) ఉంటే ఇక్కడ బయటపడుతుంది. పాప ఇంటర్‌లో చేరినప్పుడే ఒకసారి స్కోర్ చూసుకుంటే సరిచేసుకోవడానికి రెండేళ్లు దొరుకుతాయి. మేనేజ్‌మెంట్ సీటుకి రసీదు లేకుండా ఇచ్చిన డొనేషన్ మీద ఏ బ్యాంకూ లోన్ ఇవ్వదు. ఆ డబ్బు తర్వాత అడగడానికి మీ దగ్గర కాగితం కూడా ఉండదు.

కౌన్సెలింగ్‌కి ముందు మూడు నెలలు

మార్చిలో: ఆదాయ, కుల ధృవీకరణ పత్రాల కోసం మీసేవలో, ఆంధ్రలో అయితే సచివాలయంలో ఏం కావాలో కనుక్కోండి. ఈడబ్ల్యూఎస్ (రిజర్వేషన్ లేని కులాల్లో పేదలకిచ్చే) సర్టిఫికెట్ ఆ ఆర్థిక సంవత్సరానిదే చెల్లుతుంది కాబట్టి ఏప్రిల్ మొదలయ్యాక తీసుకోవాలి. ఆరో తరగతి నుంచి ఇంటర్ వరకు స్టడీ సర్టిఫికెట్లు ఒక ఫైలులో పెట్టండి. పిల్లల బ్యాంకు ఖాతాకి ఆధార్ లింకయిందో లేదో చూడండి, స్కాలర్‌షిప్‌లు ఆగేది ఎక్కువగా అక్కడే.

ఏప్రిల్, మేలో: ఫలితాలు రాకముందే సీటు బుక్ చేసుకోమని ప్రైవేట్ యూనివర్సిటీల నుంచి ఫోన్లు వస్తాయి. కట్టాలనుకుంటే రీఫండ్ నిబంధన కాగితం మీద చూశాకే కట్టండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది. పరిశీలన కోసం చూపించి వెంటనే వెనక్కి తెచ్చుకోండి.

ఆప్షన్లు పెట్టే రోజుకి ముందు, పాపని కూర్చోబెట్టి అంకె చెప్పండి. "అమ్మా, ఏడాదికి ఇంత వరకు మనం కట్టగలం, ఆ పైన అయితే లోన్, లోన్ అయితే నువ్వు ఉద్యోగంలో చేరాక నెలకు ఇంత కట్టాలి." పదిహేడేళ్ల పిల్లకి ఈ మాటలు అర్థమవుతాయి. చెప్పకుండా దాచిపెట్టి, లిస్టులో పైన పెట్టిన కాలేజీ వచ్చాక వద్దంటేనే గొడవ.

అలాట్‌మెంట్ వచ్చాక ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ చేయడానికి మూడు నాలుగు రోజులే ఉంటాయి, లేకపోతే సీటు రద్దు. నెట్ బ్యాంకింగ్ లిమిట్ ఎంతుందో ముందే చూసి పెంచుకోండి. డబ్బుండి కూడా లిమిట్ లక్షే ఉండటం వల్ల ఆదివారం రాత్రి చుట్టాలకు ఫోన్లు చేసేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు. ఎఫ్‌డీ ముందే రద్దు చేసి సేవింగ్స్‌లో వేసుకోండి. లోన్ మంజూరు ఆలస్యమైతే ఆ నెలా రెండు నెలల కోసం బ్యాంకులో బంగారం మీద లోన్ తీసుకుని, ఎడ్యుకేషన్ లోన్ రాగానే విడిపించుకోవచ్చు. దీనికో షరతు ఉంది: మీరు ముందే కట్టేసిన ఫీజుని లోన్‌లోంచి మీ ఖాతాలో వేస్తారా అని బ్యాంకు మేనేజర్‌ని ముందే అడిగి ఉండాలి. కొన్ని శాఖల్లో రసీదు చూపిస్తే వేస్తారు, కొన్నిచోట్ల కాలేజీ పేరుకు తప్ప ఇవ్వరు.

పాత పద్ధతిలో ఆదాయపన్ను కట్టేవాళ్లయితే ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి (1961 ఆదాయపన్ను చట్టంలో 80ఈ సెక్షన్) ఎనిమిదేళ్ల పాటు, పరిమితి లేకుండా మినహాయింపు ఉంటుంది. వడ్డీ సర్టిఫికెట్ ప్రతి ఏప్రిల్‌లో బ్యాంకు నుంచి తీసుకుని అదే ఫైలులో పెట్టండి. కొత్త పద్ధతి ఎంచుకున్నవాళ్లకి ఇది లేదు.